గుండె ఆగినా రక్తం ఆగదు

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం వార్డులోకి వెళ్తే నన్ను అందరూ సిస్టర్ అనే పిలుస్తారు, నేనూ దిద్దను. నా పని వేరే. గుండె ఆపరేషన్ జరిగేటప్పుడు హార్ట్-లంగ్ మెషిన్ నడిపేది నేను. ఈ పని చేసేవాళ్ళను పెర్ఫ్యూజనిస్ట్ అంటారు. సొంతూరు చిత్తూరు దగ్గర, ఉద్యోగం తిరుపతిలో. పేషెంటు బంధువులు రోజూ అడిగే విషయాలే ఇవి, ఒకసారి నింపాదిగా రాస్తే నలుగురికి పనికొస్తుందని కూర్చున్నాను.

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే. ఈమధ్య పుంగనూరు వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, కొడుక్కి గుండెలో వాల్వు (కవాటం) మార్చాలి. "గుండెను నిలిపేస్తారంట గదమ్మా, నిలిపేస్తే మనిషి ఎట్ల బతికుంటాడు? మళ్ళీ కొట్టుకోకపోతే?" అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఇంతకంటే సరైన ప్రశ్న లేదు. దీనికి చాలాచోట్ల వచ్చే జవాబు మాత్రం "ఏం కాదమ్మా, మేం చూసుకుంటాం, టెన్షన్ పడొద్దు" అని. ఆ జవాబు నాకు నచ్చదు. ఏం జరుగుతుందో తెలియకపోతే టెన్షన్ పోదు, లోపలికి పోయి కూర్చుంటుంది, రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. కన్నబిడ్డను థియేటర్‌లోకి పంపే తల్లికి లోపల ఏం చేస్తారో తెలుసుకునే హక్కు ఉంది, అది ఆమె భాషలో చెప్పాల్సిన బాధ్యత మాది.

ముందు అసలు గుండెను ఎందుకు ఆపాలో చెప్తాను. గుండె నిమిషానికి డెబ్బై సార్లు కొట్టుకుంటూ, లోపల నిండా రక్తంతో ఉంటుంది. దాన్ని అలాగే కోసి లోపలి వాల్వు తీసి కొత్తది కుట్టాలంటే కుదరదు, కోసిన క్షణమే రక్తం ఎగజిమ్ముతుంది, కదిలే కండరం మీద వెంట్రుక మందం దారంతో కుట్లు పడవు. పోనీ ఊరికే ఆపేద్దామా అంటే, రక్తం అందకుండా నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. వాల్వు మార్చడానికి గంటకు పైనే పడుతుంది. కాబట్టి ఆ గంటా గంటన్నర గుండె చేసే పనినీ ఊపిరితిత్తులు చేసే పనినీ ఇంకెవరో మోయాలి. ఆ మోసేది ఈ మెషిన్. గుండె ఆగుతుంది, రక్తం ఒక్క నిమిషం కూడా ఆగదు. పెద్దావిడకు నేను మొదట చెప్పిన మాట కూడా ఇదే.

గుండెకు చేసే ప్రతి పనికీ ఇది అవసరం లేదు. స్టెంటు వేసేది క్యాథ్ ల్యాబ్‌లో, మెషిన్ అక్కర్లేదు. బైపాస్ ఆపరేషన్లు కూడా మన దేశంలో చాలావరకు గుండె కొట్టుకుంటుండగానే చేసేస్తారు. ఛాతీ తెరిచి వాల్వు మార్చాలన్నా, పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న పిల్లలకు దాన్ని లోపల కుట్టి మూయాలన్నా మాత్రం మెషిన్ కావాలి. మన పల్లెల నుంచి వాల్వు కోసం వచ్చేవాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, కీళ్ళ నొప్పులు వచ్చి ఉంటాయి, ఎవరూ పట్టించుకుని ఉండరు. అదే రుమాటిక్ జ్వరం. పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో వాల్వు బిగుసుకుపోయి ఆయాసంతో వస్తారు. సమయానికి పెన్సిలిన్ పడి ఉంటే వీళ్ళలో చాలామంది నా దాకా వచ్చేవాళ్ళు కాదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

సరే, మెషిన్ దగ్గరికి వద్దాం. పేషెంటు థియేటర్‌లోకి రాకముందే మా పని మొదలవుతుంది. రక్తం తగిలే ప్రతి భాగమూ, అంటే ట్యూబులు, రక్తం చేరే రిజర్వాయర్ డబ్బా, రక్తంలో ఆక్సిజన్ కలిపే ఆక్సిజనేటర్, ఫిల్టర్, అన్నీ సీలు తీయని కొత్తవి, ఒక్క మనిషికే వాడి పారేస్తాం. ఒకరికి వాడినవి ఇంకొకరికి పెడతారేమోనని కొందరు భయపడుతుంటారు, అలా జరగదు. ట్యూబులు బిగించాక లోపలంతా రింగర్ లాక్టేట్ లాంటి ద్రవంతో నింపుతాం, పెద్దవాళ్ళకైతే లీటరు నుంచి లీటరున్నర దాకా. దీన్ని ప్రైమింగ్ అంటారు. నింపాక గాలి బుడగలు తరమాలి. ఆక్సిజనేటర్‌ను అరచేత్తో తడుతూ, ట్యూబును వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తూ, ఎక్కడో మూలన దాక్కున్న చిన్న బుడగను కూడా పైకి తోసేదాకా వదలం. గాలి బుడగ రక్తంలో కలిసి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్ళే దారిలో ఫిల్టరు, బుడగ కనిపిస్తే పసిగట్టే సెన్సర్, రిజర్వాయర్‌లో మట్టం తగ్గితే మోగే అలారం ఉంటాయి. అవన్నీ ఉన్నా నా కళ్ళనే నేను ఎక్కువ నమ్ముతాను.

కరెంటు పోతే ఏం చేస్తారని అడిగేవాళ్ళూ ఉన్నారు. యూపీఎస్ ఉంటుంది, జనరేటర్ ఉంటుంది, మెషిన్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది. అన్నీ చేతులెత్తేస్తే పంపును చేత్తో తిప్పే హ్యాండిల్ మెషిన్ పక్కనే ఉంటుంది, అది చేతికి అందే చోట ఉందో లేదో రోజూ పొద్దున చూసుకున్నాకే మిగతా పని.

తర్వాత లెక్క. మనిషి ఎత్తు, బరువు బట్టి ఒంటి వైశాల్యం కడతాం. 160 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు ఉన్న మనిషికి అది 1.63 చదరపు మీటర్లు వస్తుంది. ఒక్కో చదరపు మీటరుకు నిమిషానికి 2.4 లీటర్ల లెక్కన దాదాపు 4 లీటర్ల రక్తం మెషిన్ పంపాలి. ఆ మనిషి ఒంట్లో ఉండే రక్తం మొత్తం కూడా ఇంచుమించు అంతే. అంటే ఒంట్లోని రక్తమంతా నిమిషానికోసారి నా చేతి పక్కనున్న ట్యూబులగుండా వెళ్ళి వస్తుంది.

రక్తం ప్లాస్టిక్‌ను తాకితే గడ్డ కడుతుంది. అందుకని ట్యూబులు కలిపేముందు హెపారిన్ ఇస్తారు, కిలో బరువుకు 300 నుంచి 400 యూనిట్లు. ఈ మందును ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తారు. ఇచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి ఏసీటీ అనే పరీక్ష చేస్తాం, కొద్దిగా రక్తం తీసి అది గడ్డ కట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం. మామూలుగా వంద సెకన్ల పైచిలుకులో గడ్డ కడుతుంది. మాకు 480 దాటాలి. దాటకపోతే సర్జన్ ఎంత తొందరపడినా పంపు మొదలుపెట్టం. గడ్డ కట్టిన రక్తం ఆక్సిజనేటర్‌లోకి వెళ్తే ఆ తర్వాత చేయడానికేమీ మిగలదు కాబట్టి, ఈ ఒక్క అంకె దగ్గర థియేటర్‌లో అందరూ నా నోటి వైపే చూస్తారు. "ఏసీటీ ఐదువందల ఇరవై" అని గట్టిగా చెప్తాను, సర్జన్ అదే అంకెను తిరిగి పలుకుతారు. మా దగ్గర ఎవరూ తలాడించి ఊరుకోరు. చెప్పిన ప్రతి మాటనూ విన్నవాళ్ళు తిరిగి పలకాలి.

సర్జన్ రెండు చోట్ల గొట్టాలు పెడతారు. ఒకటి గుండె కుడివైపు గదిలో, ఒంట్లోని చెడు రక్తమంతా చేరే చోట. రెండోది గుండె నుంచి పైకి వచ్చే పెద్ద రక్తనాళం అయోర్టాలో. "గో ఆన్" అంటారు, "గోయింగ్ ఆన్" అంటాను, గొట్టాన్ని బిగించి పట్టిన క్లాంపు వదులుతాను. నల్లగా, చిక్కటి నేరేడు రంగు రక్తం దిగుతుంది. దాన్ని లాగే మోటారు మామూలుగా ఏదీ ఉండదు, మిద్దె మీది ట్యాంకు నుంచి కుళాయికి నీళ్ళు దిగినట్టు బల్ల ఎత్తు నుంచి కింద ఉన్న రిజర్వాయర్‌లోకి తనంతట తానే దిగుతుంది, అందుకే బల్ల ఎంత ఎత్తులో ఉందన్నది కూడా మాకు ముఖ్యమే. అక్కడి నుంచి పంపు దాన్ని ఆక్సిజనేటర్‌లోకి తోస్తుంది. ఆక్సిజనేటర్ లోపల దారాల్లాంటి సన్నని గొట్టాలు వేలకొద్దీ ఉంటాయి, వాటి లోపల ఆక్సిజన్ నడుస్తుంది, బయట రక్తం నడుస్తుంది, మధ్య గోడ గుండా ఆక్సిజన్ రక్తంలోకి, కార్బన్ డై ఆక్సైడ్ బయటికి మారతాయి. లోపలికి నల్లగా వెళ్ళిన రక్తం అవతలి కొస నుంచి ఎర్రగా బయటికొస్తుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఆ ఎరుపు కనిపించేదాకా నా ఊపిరి నిలకడగా ఉండదు.

ఆ ఎరుపు చూశాక, రావలసినంత ఫ్లో, అంటే రక్త ప్రవాహం, వచ్చాక, "ఫుల్ ఫ్లో" అని చెప్తాను. మత్తు డాక్టర్ వెంటిలేటర్ ఆపేస్తారు. ఊపిరితిత్తులు అణిగిపోతాయి. మానిటర్ మీద అప్పటిదాకా ఎగిసిపడుతున్న బీపీ గీత సాపుగా అయిపోతుంది, ఎందుకంటే పంపు రక్తాన్ని ఒకే ధారగా తోస్తుంది, కొట్టుకోవడం ఉండదు. పైన 120 కింద 80 అని ఉండదు, ఒకటే అంకె, అరవై డెబ్బై దగ్గర నిలబెడతాం. నాడి పట్టి చూస్తే తెలియదు. అయినా మనిషి బతికే ఉంటాడు, మెదడుకు రక్తం అందుతూ ఉంటుంది, కిడ్నీలు పనిచేస్తుంటాయి, యూరిన్ సంచిలో చుక్క చుక్క పడుతుంటుంది. ఆ సంచి వైపు మాటిమాటికీ చూడటం మా పనిలో భాగం.

ఇప్పుడు గుండెను ఆపే ఘట్టం. సర్జన్ అయోర్టాకు అడ్డంగా క్లాంపు వేస్తారు, గుండెకు రక్తం ఆగుతుంది. వెంటనే కార్డియోప్లీజియా అనే చల్లటి ద్రవాన్ని గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళాల్లోకి పంపుతాం. అందులో అసలు సంగతి పొటాషియం. రక్తంలో ఉండేదానికంటే కొన్ని రెట్లు ఎక్కువ పొటాషియం తగిలితే గుండె కండరం సడలిపోయిన స్థితిలో ఆగుతుంది, ముడుచుకుని కాదు. ఆగిన గుండెకు ఆకలి చాలా తక్కువ, చల్లబరిస్తే ఇంకా తక్కువ, కాబట్టి రక్తం లేకుండా అంతసేపు ఓర్చుకోగలదు. వాడే ద్రవాన్ని బట్టి ఇరవై నిమిషాలకోసారి మళ్ళీ ఇవ్వాలి, కొన్ని రకాలు ఒక్కసారి ఇస్తే గంటకు పైగా సరిపోతాయి. ఒంటిని కూడా కొంచెం చల్లబరుస్తాం, 32 డిగ్రీల దగ్గరికి, ఆక్సిజనేటర్‌లోనే నీళ్ళు తిరిగే ఏర్పాటు ఉంటుంది.

"మళ్ళీ కొట్టుకోకపోతే" అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మందు పెట్టి ఆపిన గుండె అది, ఆ మందు కడుక్కుపోతే తనంతట తాను లేవాలనే చూస్తుంది. క్లాంపు తీసి వెచ్చటి రక్తం గుండెలోకి వదిలితే పొటాషియం కొట్టుకుపోతుంది, కొన్ని నిమిషాల్లో కండరం కదలడం మొదలవుతుంది. కొన్నిసార్లు నేరుగా లయలో కొట్టుకుంటుంది, కొన్నిసార్లు వణుకుతుంది, అప్పుడు చిన్న ప్యాడిల్స్ గుండెకే ఆనించి పది ఇరవై జూల్స్ షాక్ ఇస్తారు, అవసరమైతే కొన్నాళ్ళు పేస్‌మేకర్ తీగలతో నడిపిస్తారు. బలహీనంగా ఉన్న గుండె లేవడానికి ఎక్కువసేపు పట్టడం ఉంది, మందుల సాయం ఉంటుంది. ఆ సమయమంతా మెషిన్ బరువు మోస్తూనే ఉంటుంది కాబట్టి గుండెను ఎవరూ తొందరపెట్టరు. ఫ్లో నాలుగు లీటర్ల నుంచి మూడు, రెండు, ఒకటి అని తగ్గిస్తూ వస్తాను, ఒక్కో మెట్టు దగ్గర గుండె ఎంత మోయగలుగుతోందో చూసుకుంటూ. బీపీ గీత మళ్ళీ లేస్తుంది. "ఆఫ్ బైపాస్", అంటే మెషిన్ ఆపేశాం అని చెప్పి టైము రాస్తాను. తర్వాత హెపారిన్‌కు విరుగుడుగా ప్రోటమిన్ ఇస్తారు, అది సాల్మన్ చేపల నుంచి తీసేది, మెల్లగా ఇవ్వాలి, వేగంగా ఇస్తే బీపీ పడిపోతుంది. చేపలు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పమనేది ఇందుకే.

ఈ మెషిన్ ఊరికే రాలేదు. 1930ల మొదట్లో బోస్టన్‌లో జాన్ గిబ్బన్ అనే యువ డాక్టర్, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడిన ఒక ఆడమనిషి మంచం పక్కన రాత్రంతా కూర్చున్నాడు. ఆమె రక్తం నల్లబడుతుంటే, ఈ రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ కలిపి తిరిగి పంపగలిగితే బతికేది కదా అనుకున్నాడు. ఆమె బతకలేదు. ఆయన ఆ ఆలోచనను వదలలేదు, భార్య మేరీతో కలిసి ఇరవయ్యేళ్ళు పిల్లుల మీద, కుక్కల మీద ప్రయోగాలు చేశాడు, మధ్యలో ఐబీఎం కంపెనీ ఇంజనీర్లు తోడయ్యారు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో 18 ఏళ్ళ అమ్మాయి గుండె రంధ్రం మూశాడు, 26 నిమిషాలు ఆమె ప్రాణం పూర్తిగా మెషిన్ మీదే ఉంది. తర్వాతి పేషెంట్లు దక్కకపోయేసరికి ఆయన గుండె ఆపరేషన్లే మానేశాడు.

ఆ మరుసటి ఏడు, 1954లో, మినసోటాలో వాల్టన్ లిల్లెహై చేసింది నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. నమ్మదగ్గ మెషిన్ లేదు, పిల్లలు చచ్చిపోతున్నారు. ఆయన తండ్రినో తల్లినో పక్క బల్ల మీద పడుకోబెట్టి, బిడ్డ రక్తాన్ని వాళ్ళ ఒంట్లోకి పంపి, వాళ్ళ ఊపిరితిత్తుల్లో శుభ్రమయ్యాక తిరిగి బిడ్డకు పంపించాడు. అమ్మానాన్నలే మెషిన్ అయ్యారు. అలా 45 మందికి చేస్తే 28 మంది ఇంటికి వెళ్ళారు. 1955లో ఆయన దగ్గరే పనిచేసే రిచర్డ్ డివాల్ బుడగలతో ఆక్సిజన్ కలిపే చవకైన ఆక్సిజనేటర్ చేశాక, కన్నవాళ్ళను పడుకోబెట్టాల్సిన అవసరం తప్పింది.

మన వైపు చూస్తే, చిత్తూరువాళ్ళకు రాయవేలూరు ఆస్పత్రి అంటే తాతల కాలం నుంచీ తెలుసు. 1960ల మొదట్లో ఈ మెషిన్ పెట్టి దేశంలో మొట్టమొదటగా ఓపెన్ హార్ట్ ఆపరేషన్లు చేసిన కొద్దిచోట్లలో ఆ సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఒకటి, చేసినవారు డాక్టర్ గోపీనాథ్. తిరుపతిలో 1993 నుంచి స్విమ్స్ ఆస్పత్రి ఉంది, 2021లో టీటీడీ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచింది. ఒకప్పుడు గుండె జబ్బంటే మద్రాసో రాయవేలూరో పోవాల్సినవాళ్ళు ఇప్పుడు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద తిరుపతిలోనే దిగుతున్నారు, ఇది చిన్న మార్పు కాదు.

పసిపిల్లల విషయం విడిగా చెప్పాలి. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం పావు లీటరు. మెషిన్‌ను, ట్యూబులను ఎంత చిన్నవి వాడినా నింపడానికి పట్టే ద్రవం కూడా దాదాపు అంతే ఉంటుంది. వట్టి ద్రవంతో నింపితే బిడ్డ రక్తం సగానికి సగం పలచనైపోతుంది, కాబట్టి దాత ఇచ్చిన రక్తాన్నే మెషిన్‌లో కలపాలి. పిల్లల ఆపరేషన్ ముందు రక్తం ఇచ్చేవాళ్ళను పిలుచుకురమ్మని గట్టిగా అడిగేది ఇందుకు, డబ్బు గుంజడానికి కాదు. ఊళ్ళో పదిమంది కుర్రాళ్ళు వచ్చి రక్తం ఇచ్చి వెళ్తే ఆ బిడ్డకే కాదు, పక్క మంచం బిడ్డకూ పనికొస్తుంది.

మెషిన్ వల్ల నష్టాలు లేవని నేను చెప్పను. రక్తం అంతసేపు ప్లాస్టిక్ మీద తిరిగితే ఒంట్లో ఒకరకమైన వాపు లేస్తుంది, మొహం ఉబ్బుతుంది, రక్తం పలచనవుతుంది, కొందరికి రక్తస్రావం ఎక్కువై మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళాల్సి వస్తుంది, కిడ్నీలు కొన్నాళ్ళు మందగించవచ్చు, పెద్ద వయసువాళ్ళకు కొన్ని వారాలు మతిమరుపు, తికమక ఉండొచ్చు. అరుదుగా పక్షవాతం వస్తుంది. మెషిన్ మీద ఎంత తక్కువసేపు ఉంటే అంత మేలు, అందుకే లోపల ప్రతి నిమిషం లెక్కే. ఇవన్నీ ముందే చెప్పాలి. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట ఇంగ్లీషులో అచ్చేసిన కాగితాల మీద వేలిముద్ర వేయించుకుని అంతటితో సరిపెట్టేవాళ్ళు. మొహం ఉబ్బి, మనిషిని గుర్తుపట్టక ఏదేదో మాట్లాడుతున్న తండ్రిని ఐసీయూలో చూసి కూతురు కుప్పకూలిపోతే, ఇది మామూలే, తగ్గుతుంది అని అప్పుడు చెప్పి ఏం లాభం? ముందు రోజు పది నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే ఆ పిల్ల ధైర్యంగా నిలబడేది.

ఎక్మో కూడా ఇదేనా అని అడుగుతారు, 2020లో గాయకుడు బాలు గారు చెన్నైలో ఎక్మో మీద ఉన్నప్పటి నుంచి ఆ మాట అందరికీ తెలుసు. సూత్రం ఒకటే, పంపు, ఆక్సిజనేటర్. కానీ ఎక్మో ఐసీయూలో రోజుల తరబడి, వారాల తరబడి నడుస్తుంది, గుండెను ఆపరు, జబ్బుపడిన ఊపిరితిత్తులకో గుండెకో కోలుకునే గడువు ఇవ్వడం దాని పని. ఆపరేషన్‌లో వాడే మెషిన్ గంటల లెక్క.

రేపు మీ ఇంట్లోవాళ్ళకు ఇలాంటి ఆపరేషన్ ఉంటే, చేపల ఎలర్జీ, ఇంతకుముందు హెపారిన్ ఇచ్చినప్పుడు వచ్చిన ఇబ్బంది, రక్తం పలచనయ్యే మాత్రలు ఎప్పటిదాకా వేసుకున్నదీ ముందు రోజే చెప్పండి. థియేటర్‌లోకి తీసుకెళ్ళాక ఐదారు గంటలు గడిచినా కబురు రాకపోతే గుండె అంతసేపూ ఆగి ఉందని అనుకోవద్దు. మత్తు ఇవ్వడానికి, గొట్టాలు పెట్టడానికి, ఛాతీ తెరవడానికి, చివర రక్తస్రావం ఆపి మూయడానికే ఎక్కువ సమయం పోతుంది, చాలా ఆపరేషన్లలో గుండె ఆగి ఉండేది అందులో గంటా రెండు గంటలే. తలుపు దగ్గరికి ఎవరైనా వస్తే "అయిపోయిందా" అని అడగడం కంటే "పంపు మీద నుంచి బయటికి వచ్చారా" అని అడగండి. ఆ జవాబు లోపల కచ్చితంగా ఉంటుంది, నిమిషంతో సహా చార్టులో రాసి పెడతాం.